వెబ్‌సైట్‌లో బటన్ ఎవరూ నొక్కడం లేదు, మాటలో తప్పుందా?

గోపాలపట్నం_వంటిల్లు
మాది విశాఖలో పెళ్లి వంటల పని. నాన్న 22 ఏళ్లుగా చేస్తున్నారు. గోపాలపట్నం, వేపగుంట, పెందుర్తి వైపు ఆయన్ని తెలియనివాళ్లు తక్కువ. మధురవాడ, ఎంవీపీ కాలనీ వాళ్లకి కూడా తెలియాలని పోయిన దసరాకి వెబ్‌సైట్ పెట్టించాను. రోజుకి 40 మంది దాకా చూస్తున్నట్టు లెక్క కనిపిస్తోంది. ఫారం నింపేది మాత్రం నెలకి ఇద్దరు. కిందటి నెల ఆ ఇద్దరిలో ఒకరు మాకే స్టవ్‌లు అమ్ముతామని రాశారు.

మొదటి పేజీలో పసుపు బటన్ మీద తెల్ల అక్షరాలతో "మమ్మల్ని సంప్రదించండి" అని ఉంటుంది. నొక్కితే ఫారం వస్తుంది. పేరు, ఈమెయిల్, ఫోన్, ఊరు, సబ్జెక్ట్, మెసేజ్. చివర "సమర్పించు". చేసిపెట్టినవాళ్లని అడిగితే బటన్ ఎర్రగా చేసి, ఊగేలా పెడదాం, ఇంకో 4,000 అవుతుంది అన్నారు. నాన్న "నోటిమాట చాలదా, తీసేయ్" అంటున్నారు. నాకు తీసేయడం ఇష్టం లేదు. బటన్ మీద ఏం రాయాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సీతమ్మధార_శ్రీను
ఆ 4,000 ఇవ్వకండి. నేను సైట్లు చేస్తాను కాబట్టి చెప్తున్నాను, ఊగే బటన్ చూసి ఎవరూ పెళ్లి వంట ఒప్పజెప్పరు.

"సంప్రదించండి" అంటే నొక్కాక ఏమవుతుందో తెలియదు. ఫోన్ మోగుతుందా, ఫారం వస్తుందా, రేపటి నుంచి రోజూ ఎవరో ఫోన్ చేసి విసిగిస్తారా? ఆ అనుమానం ఉన్నంతవరకు వేలు ముందుకి రాదు. నొక్కితే ఏం దొరుకుతుందో అదే రాయండి. "మెనూ, ప్లేటు ధర చూడండి" అని పెట్టి, నిజంగానే మెనూ, ధర చూపించండి.

మాధవధార_టీచరమ్మ
"సమర్పించు" అన్న మాట చూసి బాధేసింది. నైవేద్యం సమర్పిస్తాం, రాజీనామా సమర్పిస్తాం. వంటవాళ్లకి ఫోన్ నంబరు ఇవ్వడాన్ని ఎవరమ్మా సమర్పించడం అంటారు? పైగా ఏకవచనం. పైన "సంప్రదించండి" అని మర్యాద, కింద "సమర్పించు" అని ఆజ్ఞ. ఇంటికొచ్చినవాళ్లని గుమ్మం దగ్గర "రండి" అని, లోపలికొచ్చాక "కూర్చో" అన్నట్టుంది.

పెళ్లిపెద్ద_పెందుర్తి
నాది వంట చేయించుకున్నవాడి మాట. మొన్న మాఘంలో మా అమ్మాయి పెళ్లి చేశాను. నాలుగు సైట్లు చూశాను. నాకు తెలియాల్సినవి మూడే. మా ముహూర్తం రోజు మీరు ఖాళీగా ఉన్నారా? ప్లేటు ఎంత? ముందు రుచి చూడనిస్తారా? నాలుగింటిలో ఒక్కటీ ఈ మూడు చెప్పలేదు. అన్నింటిలోనూ "సంప్రదించండి". చివరికి మా వియ్యంకుడు చెప్పినవాళ్లకే ఇచ్చాను. సైట్లలో ఇంకా మంచివాళ్లు ఉన్నారేమో, నాకు తెలిసే దారి లేదు.

సీతమ్మధార_శ్రీను
@పెళ్లిపెద్ద_పెందుర్తి మీరు అడిగిన ఆ మూడే మూడు బటన్లు అవుతాయి. వేరే ఏం అక్కర్లేదు.

గాజువాక_ఏసీ
మూడు ఎందుకండీ, ఒకటి చాలు. "ఫోన్ చేయండి". నాది ఏసీ సర్వీసింగు. మే నెలలో ఏసీ ఆగిపోయినవాడు ఫారం నింపుతూ కూర్చుంటాడా? బటన్ నొక్కగానే నంబరు డయల్ అవ్వాలి. మా సైట్‌లో నంబరు ఉండేది కానీ బొమ్మలో ఉండేది. నొక్కితే ఏమీ అయ్యేది కాదు, కాగితం మీద రాసుకుని చేయాల్సిందే. దాన్ని నొక్కే లింకుగా మార్చాక ఫోన్లు పెరిగాయి. మాట మార్చలేదు, రంగు మార్చలేదు.

రామ్‌నగర్_ఫిజియో
@గాజువాక_ఏసీ మీ పనికి సరిపోయింది, అందరికీ సరిపోదు. నేను పేషెంటు మోకాలు పట్టుకుని వ్యాయామం చేయిస్తుంటే ఫోన్ ఎత్తలేను. ఎత్తకపోతే వాళ్లు రామ్‌నగర్‌లోనే ఇంకో క్లినిక్‌కి వెళ్లిపోతారు. "ఫోన్ చేయండి" అని రాసి ఎత్తకపోవడం అసలు రాయకపోవడం కంటే చెడ్డది. మాకు టైం ఎంచుకునే బటనే నయం.

గోపాలపట్నం_వంటిల్లు
మాదీ అదే ఇబ్బంది. నాన్న ఉదయం 4 నుంచి పొయ్యి దగ్గరే. గ్యాస్ మంట చప్పుడులో ఫోన్ వినపడదు. మధ్యాహ్నం వడ్డనలో ఉంటారు. తీరిక దొరికేది సాయంత్రమే.

ధర గురించి ఇంకో చిక్కు. సైట్‌లో ప్లేటు ధర పెడితే పక్కవాళ్లు 10 రూపాయలు తగ్గించి చెప్తారని నాన్న భయం. అది తీసిపారేసే భయం కాదు, రెండుసార్లు అలా జరిగింది.

అరకు_వ్యాన్
నేను విశాఖ నుంచి అరకు, బొర్రా గుహలకి వ్యాన్లు తిప్పుతాను. ధర దాచి చూశాను, పెట్టి చూశాను. దాచినప్పుడు ఎక్కువమంది అడిగేవారు, ఎక్కేవాళ్లు తక్కువ. పెట్టాక అడిగేవాళ్లు తగ్గారు, అడిగినవాళ్లలో సగంమందికి పైగా ఎక్కుతున్నారు. నాకు గంటలు మిగిలాయి. మీ నాన్నగారికి చెప్పండి, కచ్చితమైన ధర పెట్టక్కర్లేదు, "250 నుంచి" అని మొదలు చెప్పి ఆ 250లో ఏమేం వస్తాయో రాస్తే చాలు. బేరం ఆడేవాడు ఎలాగూ ఆడతాడు.

పెళ్లిపెద్ద_పెందుర్తి
నేనైతే "నుంచి" అని ఉన్నా సంతోషించేవాణ్ణి. అసలు అందుబాటులో ఉంటారో లేదో తెలియక సగం సైట్లు వదిలేశాను.

డాబాగార్డెన్స్_లెక్కలు
బటన్ మాట ఎంత తేడా తెస్తుందో చెప్పే ఉదాహరణ ఒకటి. జేరెడ్ స్పూల్ అనే వెబ్ డిజైన్ నిపుణుడు చెప్పిన సంగతి, 2009 నుంచి ఈ రంగంలో అందరూ చెప్పుకుంటారు. ఒక పెద్ద అమ్మకాల సైట్‌లో బుట్ట నింపుకుని డబ్బు కట్టడానికి వెళ్తే ముందు "రిజిస్టర్" అనే బటన్ వచ్చేది. మొదటిసారి వచ్చినవాళ్లు అక్కడే ఆగిపోయేవారు. పాతవాళ్లేమో పాస్‌వర్డ్ గుర్తులేక ఆగిపోయేవారు. దాన్ని తీసేసి "కంటిన్యూ" అని పెట్టి, కొనడానికి ఖాతా అక్కర్లేదని పక్కన ఒక వాక్యం రాశారు. కొన్నవాళ్లు 45 శాతం పెరిగారు. మొదటి ఏడాదిలో అదనంగా వచ్చిన అమ్మకం 30 కోట్ల డాలర్లని ఆయన లెక్క.

ఇందులో మాట మారడం ఒక్కటే చూడకండి. అడ్డు తీసేశారు, తీసేశామని చెప్పారు. మీ ఫారంలో ఈమెయిల్, ఊరు, సబ్జెక్ట్ అలాంటి అడ్డులే.

సీతమ్మధార_శ్రీను
ఒబామా ఎన్నికల సైట్ సంగతి కూడా చెప్పాలి. 2007 చివర్లో వాళ్లు నాలుగు రకాల బటన్లు, ఆరు రకాల ఫొటోలు, వీడియోలు కలిపి 24 రకాలుగా పరీక్షించారు. "సైన్ అప్" ఉన్న మొదటి పేజీలో 8.26 శాతం మంది నమోదు చేసుకుంటే, "లెర్న్ మోర్" ఉన్న పేజీలో 11.6 శాతం. మెత్తటి మాట గెలిచింది. అందుకని "బుక్ చేయండి" అని మొదటే అడక్కుండా "మరింత తెలుసుకోండి" అని పెట్టొచ్చు.

డాబాగార్డెన్స్_లెక్కలు
@సీతమ్మధార_శ్రీను అంకెలు సరే, చివరి మాట ఒప్పుకోను. గెలిచిన పేజీలో ఫొటో కూడా మారింది. ఒబామా కుటుంబం ఫొటో పెట్టారు. కాబట్టి అంతా బటన్ వల్లే అనకూడదు. పైగా 2007లో ఆయన్ని తెలియనివాళ్లు చాలామంది, వాళ్లకి తెలుసుకోవాలని ఉంది. వంటవాళ్ల సైట్‌కి వచ్చినవాడు తెలుసుకోవాలనే వచ్చాడు. ఏం తెలుసుకోవాలో చెప్పకపోతే "మరింత తెలుసుకోండి" కూడా "సంప్రదించండి" లాంటిదే.

సీతమ్మధార_శ్రీను
అది నిజమే. నేను తొందరపడ్డాను.

మాధవధార_టీచరమ్మ
మాట గురించి ఒక సంగతి చెప్పనివ్వండి, మీరంతా వదిలేస్తున్నారు. మన భాషలో "చేయండి" వేరు, "చేసుకోండి" వేరు. "బుక్ చేయండి" అంటే ఎవరికోసమో చేస్తున్నట్టు. "బుక్ చేసుకోండి" అంటే మీకోసం మీరు. ఆ "కో" ఒక్క అక్షరం చాలు, లాభం ఎవరిదో చెప్పేస్తుంది. తెలుసుకోండి, చూసుకోండి, ఎంచుకోండి, కనుక్కోండి. కొట్టువాడు "ఏరుకోండమ్మా" అంటాడు, "ఏరండి" అనడు. కూలీకి వచ్చినవాళ్లని కదా "ఏరండి" అంటాం.

ఇక "పొందండి" అనే మాట ఈ సైట్లన్నింటిలో చూస్తున్నాను. కోట్ పొందండి, ఆఫర్ పొందండి, డెమో పొందండి. ఏ ఇంట్లో, ఏ అంగట్లో అంటారు ఇలా? మోక్షం పొందుతాం. మెనూ తీసుకుంటాం.

గాజువాక_ఏసీ
టీచరమ్మ గారూ, మా సైట్‌లో "ఉచిత కోట్ పొందండి" అని ఉంది. ఇప్పుడే మారుస్తున్నాను. "ఎంత అవుతుందో కనుక్కోండి" బాగుందా?

మాధవధార_టీచరమ్మ
చాలా బాగుంది. మీ కస్టమరు ఫోన్లో అడిగే మాటే అది.

సీతమ్మధార_శ్రీను
ఒక అభ్యంతరం. "ఎంత అవుతుందో కనుక్కోండి" చిన్న ఫోన్‌లో రెండు వరుసలు అవుతుంది. ఇంగ్లిష్ మాటకి చేసిన బటన్‌లో తెలుగు పెడితే ఇంకో నష్టం, ఒత్తులు తెగిపోతాయి. "నుక్కో"లో క ఒత్తు, "ద్ద"లో ద ఒత్తు కింద సగానికి కోసేసినట్టు కనిపిస్తాయి. చాలామంది చేసేవాళ్లు పట్టించుకోరు. బటన్‌కి ఇంత ఎత్తు అని కట్టేయకుండా అక్షరాలకి పైనా కిందా ఖాళీ ఇచ్చి, వరుస ఎత్తు పెంచాలి. అక్షరాల మధ్య దూరం పెంచే అలంకారం తెలుగుకి పెట్టొద్దు, పదం విడివిడిగా ముక్కలై పోతుంది.

నేను ఇదివరకు ఈ గొడవ ఎందుకని బటన్లు మాత్రం ఇంగ్లిష్‌లో ఉంచేవాణ్ణి.

మాధవధార_టీచరమ్మ
పేజీ అంతా తెలుగులో చదివించి, డబ్బు ఇచ్చే చోట ఇంగ్లిష్ పెడితే పెద్దవాళ్లు భయపడరా నాయనా? పెళ్లి వంట ఖాయం చేసేది ఇంట్లో పెద్దవాళ్లే కదా. బుక్, మెనూ, వాట్సాప్ వంటివి అందరి నోటా ఉన్నవే, వాటిని మార్చమనను. తెలుగు లిపిలో రాయమంటాను.

చెవితో_చదువుతా
నాకు చూపు లేదు. ఫోన్ చదివి వినిపిస్తే వింటాను. కంచరపాలెంలో ఉంటాను. ఈ చర్చలో ఒక్కరూ మా వైపు నుంచి చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

నేను పేజీ మొత్తం వినను. లింకులు, బటన్లు మాత్రం వరసగా వింటూ పోతాను. చాలా సైట్లలో వినిపించేది ఇది: "ఇక్కడ క్లిక్ చేయండి, ఇక్కడ క్లిక్ చేయండి, మరింత, మరింత". ఎక్కడ, దేనికి, ఏమీ తెలియదు. "శాకాహార మెనూ చూడండి", "తేదీ ఖాళీ ఉందో కనుక్కోండి" అని ఉంటే ఒక్కసారి వింటే చాలు. శ్రీను గారు మొదట చెప్పిన మాట, నొక్కితే ఏం వస్తుందో రాయడం, మీకు సౌకర్యం కోసం. నాకు అది లేకపోతే సైటే లేదు.

ఇంకోటి. బటన్‌ని బొమ్మగా పెట్టి దానికి పేరు రాయకపోతే నా ఫోన్ "బటన్" అని ఊరుకుంటుంది. ఒక్కోసారి బొమ్మ ఫైలు పేరు చదువుతుంది, అంకెలు అంకెలుగా. గత ఏడాది మా చెల్లి సీమంతానికి భోజనాలు నేనే మాట్లాడాలనుకున్నాను. మూడు సైట్లలో బటన్ ఏదో తెలియక చివరికి పక్కింటి అబ్బాయిని పిలవాల్సి వచ్చింది. అన్నగా నేను చేయాల్సిన పని అది.

గోపాలపట్నం_వంటిల్లు
@చెవితో_చదువుతా మీ మాట చదివాక మా సైట్‌ని ఫోన్‌తో చదివించి విన్నాను. వాట్సాప్ గుర్తు దగ్గర "బటన్" అని మాత్రమే చెప్పింది. మెనూ ఫొటోల దగ్గర అంకెలు చదివింది. చాలా సిగ్గనిపించింది. ఇవి ముందు బాగుచేయిస్తాను.

చెవితో_చదువుతా
విన్నారు, అది చాలామంది చేయరు. మార్చాక చెప్పండి, నేను విని చెప్తాను.

డాబాగార్డెన్స్_లెక్కలు
రంగు గురించి ఒక మాట, ఎరుపా పసుపా అని కాదు. పసుపు మీద తెల్ల అక్షరాలు అన్నారు. వెబ్‌ని అందరికీ అందేలా చేయడానికి ఉన్న డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో మామూలు సైజు అక్షరానికి, వెనక రంగుకి తేడా కనీసం 4.5కి 1 ఉండాలి. పచ్చి పసుపు మీద తెలుపు 1కి దగ్గర్లోనే ఉంటుంది, అంటే దాదాపు తేడా లేనట్టే. ఎండలో నిలబడి ఫోన్ చూసేవాళ్లకి ఆ బటన్ ఖాళీ పసుపు ముక్క. పెళ్లి కళ కావాలంటే అదే పసుపు మీద ముదురు మెరూన్ అక్షరాలు పెట్టండి.

సైజు కూడా చూడండి. 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణంలో కనీసం 24కి 24 పిక్సెళ్లు అన్నారు. అది మరీ కనీసం. ఆపిల్ 44, గూగుల్ 48 చెప్తాయి. నేను 48 తీసుకుంటాను.

రామ్‌నగర్_ఫిజియో
మా క్లినిక్ అనుభవం. "అపాయింట్‌మెంట్ బుక్ చేసుకోండి" అని మంచిగానే ఉండేది. అయినా మోకాళ్ల నొప్పివాళ్లు బుక్ చేసుకోకుండా ఫోన్ చేసి ఒకే మాట అడిగేవారు: "మెట్లు ఎక్కాలా?" మేం రెండో అంతస్తులో ఉన్నాం. బటన్ కింద చిన్న అక్షరాలతో "లిఫ్ట్ ఉంది, వీల్‌చెయిర్ ఉంది" అని రాశాను. ఆ ఫోన్లు ఆగి, బుకింగులు పెరిగాయి. బటన్ మీద మాట మార్చలేదు, నొక్కేముందు మనసులో ఉన్న భయానికి జవాబు పక్కనే పెట్టాను. మీకు ఫోన్లో మొదట అడిగే ప్రశ్న ఏమిటో నాన్నగారిని అడగండి. అది రాయండి బటన్ కింద.

గోపాలపట్నం_వంటిల్లు
అడిగాను. నాన్న ఆలోచించకుండా చెప్పారు: "వంద మందే అయితే వస్తారా?" అంట. పెద్ద పెళ్లిళ్లే చేస్తారనుకుని చిన్న ఫంక్షన్లవాళ్లు వెనకాడతారట. మేం 50 మందికీ చేస్తాం. బారసాల, సీమంతం, గృహప్రవేశం. అది సైట్‌లో ఎక్కడా లేదు! రెండో ప్రశ్న "అడ్వాన్సు ఎంత, ముహూర్తం మారితే తిరిగిస్తారా?"

రామ్‌నగర్_ఫిజియో
చూశారా. 22 ఏళ్లుగా ఆయన దగ్గరే ఉంది జవాబు.

ఆఫర్ల_జంక్షన్
ఇవన్నీ మంచివే కానీ తొందర పెట్టాలి. "ఈ ముహూర్తానికి ఇంకా 2 బుకింగులే మిగిలాయి" అని ఎర్ర అక్షరాలు, పక్కన గంటలు తగ్గే గడియారం. వద్దనుకునేవాడికి చిన్న లింకు: "వద్దు, మా చుట్టాలకి మామూలు భోజనం చాలు". అన్ని పెద్ద సైట్లూ చేస్తున్నాయి.

అరకు_వ్యాన్
చేయొద్దండి. నేను చేసి చెడ్డపేరు తెచ్చుకున్నాను. నవంబరు నుంచి జనవరి దాకా అరకుకి రద్దీ. కిరండూల్ రైల్లో అద్దాల పెట్టెకి టికెట్ దొరకనివాళ్లు మా వ్యాన్ వెతుక్కుంటారు. అప్పుడు "ఇంకా 2 సీట్లే" అని పెట్టాను, నిజమే. సీజను అయిపోయాక తీయడం మర్చిపోలేదు, కావాలనే ఉంచాను. ఫిబ్రవరిలో ఒక పెద్దాయన భార్యతో హడావుడిగా అర్ధరాత్రి బుక్ చేసుకుని వచ్చారు. వ్యాన్‌లో సగం ఖాళీ. ఆయన ఏమీ అనలేదు, ఖాళీ సీట్ల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. ఆ రోజు సాయంత్రమే తీసేశాను. ఇప్పుడు నిజంగా ఎన్ని సీట్లుంటే అంతే చూపిస్తుంది, 11 ఖాళీ ఉంటే 11 అని.

డాబాగార్డెన్స్_లెక్కలు
@ఆఫర్ల_జంక్షన్ ఇది మంచీ చెడ్డా విషయం మాత్రమే కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు ఇచ్చింది. 13 రకాల మోసపు పద్ధతుల పేర్లు పెట్టి మరీ వద్దంది. లేని తొందర సృష్టించడం అందులో ఉంది. మీరు రాసిన ఆ "మా చుట్టాలకి మామూలు భోజనం చాలు" లాంటి, వద్దన్నవాణ్ణి సిగ్గుపరిచే మాట కూడా ఉంది. మొదట ఒక ధర చూపించి చివర్లో జీఎస్‌టీ, రవాణా, వడ్డన మనుషుల ఖర్చు అంటూ కలపడం కూడా ఉంది. సరుకులు, సేవలు అందించే వేదికలన్నింటికీ ఇది వర్తిస్తుంది.

ఆఫర్ల_జంక్షన్
సిగ్గుపరిచే మాట తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ ముహూర్తాలు నిజంగానే నిండిపోతాయి కదా. నిజం చెప్పడం కూడా తప్పేనా?

పెళ్లిపెద్ద_పెందుర్తి
నిజమైతే చెప్పాల్సిందే. నాకు చెప్పి ఉంటే మేలు చేసినట్టు. ఆషాఢంలో, మూఢంలో ఎవరూ అడగరు. మూఢం వెళ్లగానే మంచి ముహూర్తానికి ఊరంతా ఒకేరోజు పెళ్లిళ్లు. వంటవాళ్లు ఉండరు, మండపాలు ఉండవు. "ఈ తేదీకి మాకు ఒక పెళ్లి ఒప్పుకుని ఉన్నాం, ఇంకొకటి చేయగలం" అని రాస్తే నేను ఆ రోజే అడ్వాన్సు ఇచ్చేవాణ్ణి.

ఆఫర్ల_జంక్షన్
అయితే గడియారం తీసేసి ముహూర్తాల పట్టిక పెడితే సరి. నిండినవి నిండాయని, ఖాళీవి ఖాళీ అని.

గోపాలపట్నం_వంటిల్లు
ఇది నాకు చాలా నచ్చింది. నాన్న దగ్గర ఎలాగూ ఒక డైరీ ఉంది, ముహూర్తాలన్నీ అందులోనే రాస్తారు. దాన్నే సైట్‌లోకి తీసుకురావాలి. పార్టీల పేర్లు లేకుండా తేదీలు మాత్రమే.

రెండు రకాల బటన్లు పెట్టి ఏది బాగా పనిచేస్తుందో పరీక్షించమంటారా? ఒబామా సైట్‌లో చేసినట్టు?

డాబాగార్డెన్స్_లెక్కలు
మీకు కుదరదు. లెక్క చూడండి. వందకి ఇద్దరు నొక్కేది ముగ్గురైందని నమ్మకంగా చెప్పాలంటే ఒక్కో రకానికి దాదాపు 3,900 మంది చూడాలి. రెండింటికీ 7,800. రోజుకి 40 మంది అంటే 195 రోజులు. ఈలోపు పెళ్లిళ్ల కాలం పోయి ఆషాఢం వస్తుంది, ముహూర్తాలు మారితే మనుషులూ మారతారు, లెక్క చెడుతుంది. ఒబామా సైట్‌కి లక్షల్లో వచ్చారు కాబట్టి వాళ్లకి చెల్లింది.

మీరు ఇంకోటి చేయండి. ఫంక్షన్ పెట్టుకున్న ఐదుగురు తెలిసినవాళ్లకి ఫోన్ ఇచ్చి "మా దగ్గర మే నెలలో తేదీ ఉందో చూసుకోండి" అని ఊరుకోండి. మాట సాయం చేయొద్దు. వేలు ఎక్కడ ఆగిందో చూడండి. చాలా తెలుస్తుంది.

సీతమ్మధార_శ్రీను
వాట్సాప్ బటన్ పెట్టేటప్పుడు జాగ్రత్త. లింకులో నంబరు ముందు ప్లస్ గుర్తు, సున్నా, ఖాళీలు ఏవీ ఉండకూడదు. 91, వెంటనే పది అంకెలు. మెసేజ్ ముందే రాసి ఉండేలా పెట్టొచ్చు: "మా ఫంక్షన్ తేదీ: ... మనుషులు: ... ఊరు: ..." అని. వాళ్లు ఖాళీలు నింపి పంపుతారు, ఈమెయిల్ గొడవ లేదు. ఎప్పుడు జవాబిస్తారో బటన్ కిందే రాయండి. సాయంత్రమే తీరిక అయితే సాయంత్రం అనే రాయండి. "వెంటనే" అని రాయొద్దు.

ఆఫర్ల_జంక్షన్
ఆ నంబర్లన్నీ దాచుకుని పండగలకి ఆఫర్లు పంపొచ్చు కూడా. ఫారంలో "ఆఫర్లు పంపండి" అని ముందే టిక్ పెట్టేస్తే సరి.

డాబాగార్డెన్స్_లెక్కలు
ముందే టిక్ వద్దు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం ఒప్పుకోలు మనిషి స్వయంగా, స్పష్టంగా చేసిన పని అయి ఉండాలి. టిక్ వాళ్లే పెట్టాలి.

మాధవధార_టీచరమ్మ
ఆడపిల్ల పెళ్లి వంట కోసం నంబరు ఇచ్చినవాళ్లకి వారంవారం ఆఫర్లు పంపితే ఆ పెళ్లి భోజనం రుచి కూడా మర్చిపోతారు.

గోపాలపట్నం_వంటిల్లు
మూడు వారాలైంది. ఏం చేశానో చెప్తాను.

ఫారం తీసేశాను. పైన ఒకే పెద్ద బటన్, పసుపు మీద మెరూన్: "మీ తేదీ ఖాళీ ఉందో చూసుకోండి". నొక్కితే ముహూర్తాల క్యాలెండరు. కింద చిన్నగా "50 మంది నుంచి చేస్తాం. అడ్వాన్సు ఇచ్చాక ముహూర్తం మారితే కొత్త తేదీకి మారుస్తాం." మెనూ పేజీలో "ప్లేటు 250 నుంచి", అందులో ఏమేం వస్తాయో అన్నీ రాశాను. నాన్న పనసపొట్టు కూర, ఆవ పెట్టిన అరటికాయ కూర పేర్లు పైకి మార్పించారు, "మన చేతి వంట అది, పన్నీరు కింద పెట్టు" అన్నారు. మెనూ చివర "రుచి చూడటానికి రండి" అని ఇంకో బటన్. పెళ్లి లేని బుధవారాల్లో ఇంటికి వస్తే రెండు కూరలు, ఒక బూరె పెడతాం. వాట్సాప్ బటన్ కింద "సాయంత్రం 5 నుంచి 8 లోపు జవాబిస్తాం".

డాబాగార్డెన్స్ గారు చెప్పినట్టు ఐదుగురికి ఫోన్ ఇచ్చి చూశాను. ముగ్గురు క్యాలెండరులో ఖాళీ తేదీని నొక్కి ఆగిపోయారు, తర్వాత ఏం చేయాలో తెలియలేదు. అక్కడ "ఈ తేదీకి వాట్సాప్‌లో అడగండి" అని పెట్టించాను.

ఈ మూడు వారాల్లో 14 మంది అడిగారు, 4 ఖాయమయ్యాయి. ఒకటి మధురవాడలో గృహప్రవేశం, 60 మంది. రుచి చూడటానికి వచ్చిన ఒక ముసలమ్మ గారు నాన్న చేతి బూరె తిని రెండో బూరె అడిగి మరీ అడ్వాన్సు ఇచ్చారు. నాన్న ఇప్పుడు సాయంత్రం కాగానే "ఎవరైనా అడిగారా?" అని నా ఫోన్ తీసుకుంటున్నారు.

పెళ్లిపెద్ద_పెందుర్తి
చూశాను. నా మూడు ప్రశ్నలకీ జవాబు దొరికింది. మా రెండో అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం.

మాధవధార_టీచరమ్మ
"చూసుకోండి" అని చూసి సంతోషం కలిగిందమ్మా. ఒక్కటి, క్యాలెండరులో "బుధ్‌వారం" అని పడింది. బుధవారం అని దిద్దించు.

చెవితో_చదువుతా
విన్నాను. బటన్లన్నీ పేర్లతో చదువుతోంది, ఎవరినీ పిలవకుండా మెనూ మొత్తం తెలుసుకున్నాను. క్యాలెండరులో తేదీ, ఖాళీ ఉందా నిండిందా అన్నది కూడా చెప్తోంది. కానీ తర్వాతి నెలకి వెళ్తే ఏ నెలకి వచ్చానో చెప్పడం లేదు. "తర్వాత" అని మాత్రమే అంటోంది.

గోపాలపట్నం_వంటిల్లు
రెండూ ఇప్పుడే రాసి పంపించాను. నెల బటన్ మీద "జూన్ నెల చూడండి" అని నెల పేరు వచ్చేలా పెట్టమన్నాను. రేపు సాయంత్రానికి అవుతుందన్నారు. అయ్యాక మళ్లీ ఒకసారి వింటారా?

చెవితో_చదువుతా
వింటాను. బారసాలకి జూన్‌లో తేదీ వెతుకుతున్నాం కూడా. చెల్లికి బాబు పుట్టాడు.